రన్నింగ్ బండి

సాయంత్రం నాలుగింటికి బస్సు. పొద్దున తొమ్మిదైనా హిమజ చంకలో పిల్ల ఉంది గానీ, ఆ పిల్లని కూర్చోబెట్టే బండి లేదు. ఆర్డరు పెట్టి తొమ్మిది రోజులైంది. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అని ఊరించి ఊరించి, ఆ ఆన్‌లైన్ దుకాణం వాళ్ళు సరిగ్గా ఇవాళ పొద్దున, మీ ఆర్డరు రద్దయింది, చింతిస్తున్నాం అని ఫోన్‌లో ఒక ముక్క పడేశారు. చింతించేది వాళ్ళట. ఇక్కడ ఒక మనిషి నెలల తరబడి ఎదురుచూసిన పని చేజారిపోతుంటే, వాళ్ళు ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని చింతిస్తారట.

హిమజ సినిమాల్లో కంటిన్యుటీ చూసే మనిషి. ఆ పనేమిటో ఒక్క ముక్కలో చెప్పాలంటే, సోమవారం తీసిన షాటులో హీరో కుడిచేత్తో టీ గ్లాసు పట్టుకుంటే, గురువారం తీసే తరువాయి షాటులో కూడా కుడిచేత్తోనే పట్టుకునేలా చూడాలి. చొక్కా రెండో గుండీ ఊడి ఉందా, గోడ గడియారంలో ముల్లు ఎక్కడుంది, ముందు ఏ కంటి నుంచి నీళ్ళు కారాయి, అన్నీ పుస్తకంలో రాసుకోవాలి. సెట్లో ఎవరినీ పేరు పెట్టి పిలవరు. లైట్లు వేసేవాడు లైట్, మేకప్ వేసేవాడు మేకప్, ఈమె కంటిన్యుటీ. ఆరేళ్ళు ఆ పేరుతోనే బతికింది. కో-డైరెక్టర్ క్రాంతికుమార్ "కంటిన్యుటీ ఏదీ" అని కేకేస్తే, ఏ మూలనున్నా పుస్తకం పట్టుకుని పరుగున వచ్చేది.

ఏడో నెల వచ్చాక ఇంట్లో కూర్చుంది. ఆ పుస్తకమూ, ఆ పేరూ నాగసాయి అనే ఇంకో అసిస్టెంటుకి పోయాయి. పిల్లకి ఎనిమిది నెలలు నిండాక, పోయిన వారం, గుండె చిక్కబట్టుకుని క్రాంతికుమార్‌కి ఫోన్ చేసింది. ఆయన ఆఁ ఊఁ అని, చివరికి "చూద్దాం హిమజా" అన్నాడు. హిమజా అన్నాడు! ఆరేళ్ళలో ఆయనకి తన అసలు పేరు తెలుసని ఆమెకి అప్పుడే తెలిసింది. చుట్టాలింట్లో ఎవరో మర్యాదకి పలకరించినట్టు ఉంది ఆ పిలుపు. ఆ రోజంతా మనసు మనసులో లేదు.

మర్నాడు ఆయనే ఫోన్ చేశాడు. అరకులో పన్నెండు రోజుల షెడ్యూలు, పిల్లని తెచ్చుకోవచ్చు, చూసుకోవడానికి అత్తగారికీ బస్సులో ఒక సీటు ఇప్పిస్తాడు. కానీ ఒక షరతు.

"సెట్లో నీ రెండు చేతులూ నాకు ఖాళీగా కావాలి. ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో పుస్తకం అంటే కుదరదమ్మా. అలాగైతే నాగసాయినే తీసుకెళ్తాను."

ఇక్కడే వచ్చింది చిక్కంతా. మొగుడు తిరుమలేశ్ లైట్‌మ్యాన్, చెన్నైలో షూటింగ్‌లో ఉన్నాడు, నెలాఖరు దాకా రాడు. అత్త నీలమ్మకి పిల్లంటే ప్రాణమే గానీ, కుడి భుజం పట్టేసి ఆర్నెల్లైంది. చెయ్యి రొమ్ము దాటి పైకి లేవదు. పిల్లని ఎత్తుకోలేదు. తొయ్యమంటే ఎడమచేత్తో ఎంత దూరమైనా తోస్తుంది. అందుకని బండి కావాలి. అది తేలిగ్గా ఉండాలి, ఒంటిచేత్తో నీలమ్మ లేపగలిగినంత. బస్సు పొట్ట నిండా కెమెరా పెట్టెలే కాబట్టి, మడిస్తే సీటు కింద పట్టాలి. ఎనిమిది నెలల పిల్ల ఇంకా సరిగ్గా కూర్చోదు గనక వెనక్కి వాలాలి. ఇన్నీ ఉండి ఐదు వేలు దాటకూడదు. ఇలాంటి బండి లోకంలో లేకపోలేదు, ఆ ఐదు వేల సంగతి వదిలేస్తే.

నీలమ్మ మొదటి రోజే ఒక మాట అంది. చీరతో ఈపుకు కట్టుకో, చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి, బండీ వద్దు గిండీ వద్దు అంది. హిమజ గయ్యిమంది. అందరి ముందు, కెమెరా పక్కన, కూలికొచ్చినదానిలా పిల్లని మూటగట్టుకుని నిలబడాలా? ఆ తర్వాత స్ట్రోలర్ అనే మాట ఎప్పుడు వినబడినా, నీలమ్మ దాన్ని తోపుడు బండి అని పిలవడం మొదలుపెట్టింది. పోరిని కూరగాయల్లెక్క తోస్తవా అని ఆటపట్టించేది. హిమజకి నవ్వు వచ్చేది కాదు.

సరే, పదిన్నరకి జూబ్లీహిల్స్‌లో అద్దాల దుకాణం తలుపు తీయగానే హిమజ పిల్లతో సహా లోపలుంది. మంజులత అని ఛాతీమీద పేరున్న సేల్స్ అమ్మాయి ఒక బూడిదరంగు బండిని తెచ్చి, మీట నొక్కి, ఒంటిచేత్తో ఇట్టే మడిచి, మళ్ళీ ఇట్టే విప్పింది. ఆరు కిలోలు కూడా లేదు. విమానంలో కూడా తీసుకెళ్ళొచ్చట. చంటిని కూర్చోబెడితే, ఆ పిల్ల, పేరుకి అరుణజ్యోతి గానీ అందరికీ చంటే, కాళ్ళు రెండూ ఆడిస్తూ కిలకిల నవ్వింది. ధర ఇరవై మూడు వేలు. పిల్ల అంత హాయిగా నవ్వుతుంటే తల్లికి ఒళ్ళు మండింది. ఏం నవ్వే, నీ మొహం, అది మనది కాదే అనుకుంది. మా ఆయన్ని అడిగి వస్తానని చెప్పింది. ఆ మాట అన్నవాళ్ళు మళ్ళీ రారని మంజులతకి తెలుసు, అయినా తలుపు తీసి పట్టుకుంది.

అక్కణ్ణించి ఆటోలో టోలిచౌకి. అప్పటికే ఎండ మాడ్చేస్తోంది. పిల్ల జుట్టంతా చెమటకి అతుక్కుపోయింది. మొదటి దుకాణంలో నాలుగు వేల రెండొందల బండి ఒకటి బాగానే కనబడింది. హిమజ పిల్లని కుడిచంకకి మార్చుకుని, ఎడమచేత్తో ఆ బండిని లేపబోయింది. లేవలేదు. పదకొండు కిలోలు ఉంటుందట, మజ్‌బూత్ మాల్ అమ్మా, విరగదు అన్నాడు దుకాణదారు. మజ్‌బూతే, మంచం కూడా మజ్‌బూతే, బస్సు సీటు కింద పెట్టుకుంటామా? పక్క దుకాణంలో తేలికది దొరికింది, మూడు వేల లోపే. కానీ అది వెనక్కి వాలదు. చంటి తల ముందుకి వాలిపోయి గడ్డం రొమ్ముకి తగిలింది. జర పెద్దగైతే సెట్ అయితది అన్నాడు ఆ పెద్దమనిషి. అరకు నుంచి వచ్చేలోపు పెద్దగవ్వదు భయ్యా అని చెప్పి బయటపడింది. ఇంకో రెండు దుకాణాలు తిరిగింది. ప్రతిచోటా బండిని ఎడమచేత్తోనే లేపి చూస్తుంటే, ఈమెకేమైనా తేడానా అన్నట్టు చూశారు.

ఒంటిగంటకి ఫోన్ మోగింది. క్రాంతికుమార్.

"ఏంటి, బండి దొరికిందా? లేకపోతే ఇప్పుడే చెప్పెయ్ హిమజా, నాగసాయి బ్యాగు సర్దుకునే ఉన్నాడు."

"దొరికింది సార్," అనేసింది.

ఫోన్ పెట్టేసింది. అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి. చూసింది చూసినట్టు రాయడమే కదా ఆమె పని. పిల్ల ఏడుపు మొదలెట్టింది. మూడు గంటల్లో ఆ అబద్ధాన్ని నిజం చెయ్యాలి, ఎలా చెయ్యాలో తెలియదు. దొరికిన ఆటో ఎక్కి ఇంటికి పొమ్మంది.

ఆటో ఫిల్మ్ నగర్‌లోకి తిరిగాక, ముందు వెళ్తున్న వ్యాన్ ఒకటి అడ్డంగా ఆగింది. అందులోంచి ఇద్దరు మనుషులు బంగారు రంగు సింహాసనం దించుతున్నారు. దాని వెనకే ఒక సెలైన్ స్టాండు, రెండు ఉయ్యాలలు. హిమజ ఆటోలోంచి తల బయటపెట్టి చూసింది. ఒరి నాయనో, పొద్దుటి నుంచి ఊరంతా తిరుగుతున్నాను, పక్కనే పెట్టుకుని, అనుకుంది. అది కాశీవిశ్వనాథం గారి ప్రాపర్టీ గోడౌన్.

ప్రాపర్టీ అంటే సినిమావాళ్ళకి ఆస్తిపాస్తులు కాదు, సీనులో కనబడే సామాను. కత్తి దగ్గర్నుంచి కాటుక డబ్బీ దాకా ఏది కావాలన్నా కాశీవిశ్వనాథం దగ్గర కిరాయికి దొరుకుతుంది. ప్రతి వస్తువుకీ దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంటుంది. దానిమీద రెండే మాటలు. పైకి కనబడటానికి మాత్రమే పనికొచ్చేదైతే డమ్మీ. నిజంగా పనిచేసేదైతే రన్నింగ్. డమ్మీ గడియారం ఎప్పుడూ పదింబావే చూపిస్తుంది, రన్నింగ్ గడియారం తిరుగుతుంది. డమ్మీ ఫ్యాను, రన్నింగ్ ఫ్యాను. ఆరేళ్ళలో ఆ రెండు మాటలూ హిమజ కొన్ని వేలసార్లు తన పుస్తకంలో రాసి ఉంటుంది.

కాశీవిశ్వనాథం గారు సామాను దించుకోవడానికి శ్రీనగర్ కాలనీ వెళ్ళారట. ఆయన భార్య సీతామహాలక్ష్మి బల్ల దగ్గర కూర్చుని ఉంది. పిల్లని చూసి బుగ్గ గిల్లి, అయ్యో ఎండన పడి తిప్పుతున్నావా అమ్మా అని మంచినీళ్ళిచ్చింది. పిల్లల బళ్ళు మూడున్నాయంది. ఒకటి దొరలనాటి పెద్ద బండి, గుర్రాన్ని కట్టొచ్చు. రెండోది డమ్మీ, చక్రాలు తిరగవు. మూడోది వెండిరంగుది, గొడుగులా మడుచుకునేది. అట్టముక్క మీద రన్నింగ్ అని ఉంది.

హిమజ ఎడమచేత్తో లేపింది. లేచింది. ఐదు కిలోలుంటుందేమో. వెనక్కి వాల్చింది, వాలింది. మడిచింది, మోకాలంత అయింది. వెనకచక్రాల మధ్య ఎర్ర బ్రేకు పెడల్‌ని కాలితో నొక్కితే టక్కుమంది. ఆ టక్కుమన్న చప్పుడుకి పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది. అలవాటు ఊరుకోనివ్వదు కదా, నాలుగు వైపుల నుంచీ ఫోటోలు కూడా తీసుకుంది. ఎడమ చక్రం దగ్గర గీత ఉంది, అది కూడా చూసింది.

"ఇది బాగా పనిచేస్తుందా అమ్మా?" అని ఒకసారి అడిగింది.

"రన్నింగ్ అని మా ఆయనే రాశారమ్మా, ఇదిగో ఆయన చేతిరాతే," అంది సీతామహాలక్ష్మి.

పన్నెండు రోజులకీ పదిహేను వందలు చాలంది ఆవిడ, చంటిపిల్లకి కదా అని. హిమజ అక్కడే ఇచ్చేసి, బండిని మడిచి ఆటోలో పెట్టుకుని, పిల్ల నెత్తిమీద ముద్దు పెట్టింది. దొరికింది సార్ అన్న మాట నిజమైపోయింది. ఇంకా గంటన్నర టైముంది.

హిమజ వాళ్ళిల్లు బస్తీలో, గుట్ట మీదికి ఎక్కే గల్లీలో ఉంటుంది. పైన ఇళ్ళు, కింద మెయిన్ రోడ్డు, మధ్యలో నిట్టనిలువుగా జారే సిమెంటు దారి. ఆ రోడ్డు మీద స్టూడియో వ్యాన్లూ కార్లూ ఆటోలూ ఆగకుండా తిరుగుతుంటాయి. ఆటోవాడు సగం దూరం ఎక్కి ఇంక ఎక్కదన్నాడు. పిల్లనీ బండినీ మోసుకుంటూ ఇంటికొచ్చేసరికి రెండున్నర దాటింది. బ్యాగులు సర్దాలి, పాలు పట్టాలి, పిల్లకి గుడ్డలు మార్చాలి. ఒకటి అందుకుంటే ఇంకొకటి జారిపోతోంది. డబ్బాడు పాలపొడి పట్టుకుని ఇల్లంతా వెతికింది, పాలపొడి కోసం.

మూడింటికి ఎలాగో అన్నీ గుమ్మం బయట చేరాయి. హిమజ బండి విప్పి గల్లీలో నిలబెట్టి, పిల్లని అందులో కూర్చోబెట్టబోయింది. నీలమ్మ అడ్డంగా వచ్చింది.

"ఆగు బిడ్డా. కొత్త బండి. ముందుగాల పొత్రం కూసోవాలె, తర్వాత పోరి."

ఇది వాళ్ళింటి ఆనవాయితీ. చంటిని ఇరవై ఒకటో రోజు తొట్టెల్లో వేసినప్పుడు కూడా, ముందు రుబ్బురోలు పొత్రానికి పసుపు రాసి, గుడ్డ చుట్టి, నెత్తిన టోపీ పెట్టి, పిల్లకంటే ముందు ఆ రాయిని పడుకోబెట్టి మూడుసార్లు ఊపారు. ఖాళీ తొట్టెల ఊపకూడదు. పిల్లకి ఏ గండమున్నా ముందు రాయి మీదికి పోవాలి. అప్పుడు పేరంటాళ్ళ మధ్య ముచ్చటగానే ఉంది. ఇప్పుడు గంటలో బస్సు పెట్టుకుని ఈ చాదస్తమేమిటని హిమజకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇది తొట్టెల గాదు అత్తమ్మా, కిరాయి బండి. బస్సు వోతది," అంది.

"పోతే పోనియ్. పొత్రం కూసోనిదే నా మనుమరాలు కూసోదు."

ఇద్దరూ కాసేపు వాదులాడుకున్నారు. ఇదివరకు ఎందరు పిల్లలు ఎక్కారో ఇందులో అని హిమజ, ఎవరెక్కితే నాకేంది, మన పోరికి కొత్తదే గదా అని నీలమ్మ. నీలమ్మకి భుజం లేవదు గానీ పట్టుదలకి లోటు లేదు. పొత్రాన్ని ఎడమకాలితో గుమ్మం దాకా దొర్లించుకుంటూ తెచ్చేసింది. ఇక చేసేదేముంది? హిమజ ఒక చంకలో పిల్లని పెట్టుకుని, రెండో చేత్తో నానా తంటాలు పడి ఆ రాయిని బండిలోకి ఎత్తింది. నీలమ్మ దానికి చంటి పాత లంగా చుట్టి, కుచ్చుల టోపీ తొడిగింది. అంతసేపూ బండికి మోకాలు అడ్డం పెట్టి ఉంచిన హిమజ, ఇప్పుడు కాలితో ఎర్ర పెడల్ నొక్కింది. టక్కుమంది. పాలసీసా తీసుకుందామని గుమ్మం వైపు తిరిగింది.

వెనక చక్రాలు గరగరమన్నాయి.

తిరిగి చూసేసరికి బండి రెండు గజాలు పోయింది. చూస్తుండగానే అది మనిషి నడక, తర్వాత మనిషి పరుగు, ఆ తర్వాత ఎవరూ అందుకోలేని వేగం. నల్లా దగ్గర బిందె పట్టుకున్న ఆడమనిషి పిల్ల పిల్ల అని గొంతు చించుకుంది. టోపీ కుచ్చులు గాలికి ఊగుతున్నాయి. హిమజ పరుగెత్తింది. చంకలో చంటి ఉంది. చంటి చంకలోనే ఉందని ఆమెకి తెలుసు, పిల్ల పిడికిలి తన జాకెట్టు మెడని పట్టుకుని ఉండటం తెలుస్తూనే ఉంది. అయినా బిడ్డ పోతోందని ఆమె కాళ్ళు పరుగెత్తాయి, నోరు కేకలు పెట్టింది. ఒళ్ళు మనసు మాట వినలేదు.

బండి మెయిన్ రోడ్డు మీదికి దూసుకుపోయింది. ఒక ఆటో సర్రుమని పక్కకి తిరిగింది. వ్యాన్ ఒకటి కీచుమని ఆగింది. బండి వాటి మధ్యలోంచి పోయి అవతలి ప్రహరీగోడకి కొట్టుకుంది. కొట్టుకోగానే, పొద్దుటి నుంచి హిమజ వెతికిన గుణం ఏదైతే ఉందో, అదే చూపించింది. గొడుగులా మడుచుకుపోయింది. ఇనుప కమ్మీలు రెండూ ఒకదానిమీద ఒకటి మూసుకున్నాయి. వాటి కిందనుంచి పొత్రం జారి పక్కన మురుగు పారే మోరీలో పడింది, టోపీతో సహా.

జనం మూగారు. వ్యాన్ డ్రైవరు దిగి, మోరీలోకి తొంగిచూసి, రాయిని చూసి, అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడు. హిమజ మూసుకుపోయిన ఆ బండిని చూస్తూ నిలబడింది. రెండు కమ్మీల మధ్య చెయ్యి కూడా దూరదు.

ఇంటికొచ్చి, బండిని తలకిందులు చేసి చూసింది. ఎర్ర పెడల్ ఉంది, దాని కింద స్ప్రింగ్ ఉంది, అందుకే టక్కుమంటోంది. స్ప్రింగ్ నుంచి చక్రాలకి పోవాల్సిన కమ్మీ లేదు. ఎవరో శుభ్రంగా కోసేశారు. కాశీవిశ్వనాథం గారికి ఫోన్ చేసింది. ఆయన నవ్వుతూ ఎత్తాడు గానీ, రెండు మాటలు వినేసరికి ఆ నవ్వు ఆగిపోయింది.

"అయ్యయ్యో, అది రన్నింగ్ షాటుకి చేయించిన బండమ్మా. వాలులో పిల్లబండి దానంతటదే జారిపోవాలని, ఆర్ట్ డిపార్టుమెంటు వాళ్ళు బ్రేకు కోసేశారు. పెడల్ కెమెరాకి కనబడాలి కదా అని అలాగే ఉంచారు. రన్నింగ్ అని రాసింది అందుకు తల్లీ. ఆవిడకి తెలీదు. పిల్ల ఎలా ఉందమ్మా, పిల్ల ఎలా ఉంది?"

పిల్ల బాగానే ఉందని చెప్పింది. ఆయన ఏడుస్తున్నాడని అర్థమైంది. సోమవారం ఆర్ట్ వాళ్ళ వ్యాన్ అరకు వస్తోంది, అందులో తన మనవరాలి బండి పంపిస్తానన్నాడు. తనే స్వయంగా వాలులో పెట్టి బ్రేకు తొక్కి చూసి మరీ పంపిస్తానన్నాడు. హిమజ సరేనంది. ఫోన్ పెట్టేసింది. ఆయన్ని తిట్టడానికి నోరు రాలేదు. ఎవరి కప్పు ఏ చేతిలో ఉందో కనిపెట్టే కళ్ళు తనవి. చక్రం దగ్గర గీత చూసింది, ఫోటో తీసింది. పెడల్ ఉందా అని చూసింది గానీ, బండి ఆగుతుందా అని తోసి చూడలేదు. కెమెరా ఎలా చూస్తుందో అలాగే చూసింది, కన్నతల్లి అయ్యుండి.

మూడూ ఇరవై అయింది. హిమజ గుమ్మంలో కూలబడి పిల్లని గుండెకి అదుముకుంది. పిల్లకి ఊపిరాడక గింజుకుంటుంటే గానీ వదల్లేదు. నేను పోను, నాగసాయినే పోనియ్, నాకీ పని వద్దు అంది. నిజంగానే అంది. ఆ క్షణాన ఎవరైనా సినిమా అని పలికితే కొట్టేలా ఉంది.

నీలమ్మ మోరీలోంచి తెప్పించిన పొత్రాన్ని నల్లా కింద కడుగుతోంది. దాని అంచు ఒకచోట పెచ్చు లేచిపోయింది. కడిగి, గోడవారగా నిలబెట్టి, పసుపు తెచ్చి రాసింది. నేను చెప్పిన కదా అని ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్ళి, మెత్తబడిన పాత నేతచీర తెచ్చి కోడలి ఒళ్ళో పడేసింది.

"ఈ గుట్ట మీద బంగ్లాలు లేసేటప్పుడు నేను రాళ్ళు మోసిన," అంది. "నీ మొగడు నా ఈపు మీదనే పండుకునేటోడు. ఒక్కనాడు జారలే. నాకు సిగ్గు కాలే బిడ్డా, నీకెందుకైతది?"

హిమజ తలెత్తి అత్త మొహంలోకి చూసింది. పెళ్ళై నాలుగేళ్ళైంది, ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. తనూ ఎప్పుడూ అడగలేదు. రోజూ జూబ్లీహిల్స్ లోంచి వెళ్తూ ఎన్ని ప్రహరీగోడలు చూసిందో, అందులో ఏ రాయి ఈమె మోసిందో. కూలికొచ్చినదానిలా అని తను అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

నీలమ్మకి చెయ్యి లేవదు కాబట్టి మాటలతోనే కట్టించింది. వంగు. పోరిని ఈపు మీద బోర్ల వెయ్యి. చంకల కిందికెల్లి తియ్యి. ఇంకా గట్టిగ గుంజు, అది బతుకుతది. ముంగట రెండు ముళ్ళు. ఇగ లేశి ఎగురు. హిమజ లేచి ఎగిరింది. నాలుగుసార్లు ఎగిరింది. వంగింది, పక్కకి వాలింది, గోడకి చేతులు ఆన్చి ఊగింది. ముడి జారలేదు. అప్పుడు గానీ గుమ్మం దిగలేదు. చంటి వెచ్చగా వీపుకి అతుక్కుని, కాసేపు చీర అంచు చప్పరించి, నిద్రపోయింది.

బస్సు దగ్గరికి చేరేసరికి నాలుగుకి ఐదు నిమిషాలుంది. క్రాంతికుమార్ లిస్టు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. నాగసాయి బ్యాగు కాళ్ళ దగ్గర పెట్టుకుని పక్కనే ఉన్నాడు. హిమజ ఎదురుగా వచ్చి రెండు చేతులూ చూపించింది. ఒకదాంట్లో పుస్తకం, ఒకదాంట్లో పెన్ను.

"పిల్లేదీ?" అన్నాడు క్రాంతికుమార్.

హిమజ వెనక్కి తిరిగి నిలబడింది. ఆయన చీరలో నిద్రపోతున్న పిల్లని చూశాడు. తర్వాత, బండి దొరికిందన్నావుగా అన్నాడు.

"దొరికింది సార్, రన్నింగ్‌ది. నాకు ఆగేది గావాలె."

ఏం జరిగిందో ఆమె దాచలేదు. అప్పుడు ఫోన్‌లో అబద్ధం చెప్పానని కూడా చెప్పేసింది, చూసింది చూసినట్టు. బ్రేకు వేసి బండిని తోసి చూడలేదు, తప్పు నాదే అంది. కాశీవిశ్వనాథం గారు సోమవారం వేరే బండి పంపిస్తున్నారని, అప్పటిదాకా పిల్ల తన వీపు మీదే ఉంటుందని, నచ్చకపోతే ఇక్కణ్ణించే ఇంటికి పోతానని అంది. క్రాంతికుమార్ ఒకసారి నీలమ్మ వైపు, ఒకసారి నాగసాయి వైపు చూశాడు. లిస్టులో ఏదో కొట్టేసి ఏదో రాశాడు. అది తన పేరో నాగసాయి పేరో హిమజకి కనబడలేదు. ఎక్కండి ఎక్కండి, టైమైంది అన్నాడు, ఎవరినంటున్నాడో తెలియకుండా.

నీలమ్మ ఎక్కింది. హిమజ మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగింది. ముందు రోడ్డు వాలుగా కిందికి దిగిపోతోంది. ఆమె కాలు వెనక్కి తీసుకుని, తిరిగి వెళ్ళి డ్రైవరు కిటికీ దగ్గర నిలబడింది. డ్రైవరు జంగయ్య, ఎప్పట్నుంచో యూనిట్ బస్సులు తోలేవాడు, అందరికీ తెలిసినవాడే.

"అన్నా, జర బ్రేక్ తొక్కి చూపియ్," అంది.

లోపల ఎవరో పకపకా నవ్వారు. జంగయ్యకి రోషం వచ్చింది. ఇరవై ఏండ్ల సంది తోలుతున్నా, ఒక్క గీత పడలే నా బండికి, గిప్పుడు నువ్వొచ్చి చెక్ చేస్తవా అన్నాడు. హిమజ కదల్లేదు. నవ్వులు ఎక్కువయ్యాయి. ఆమె చెయ్యి వెనక్కి పోయి, చీర మడతలో చంటి పాదాన్ని వెతికి పట్టుకుంది.

క్రాంతికుమార్ నవ్వలేదు. లిస్టు మడిచి జేబులో పెట్టుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"తొక్కి చూపించవయ్యా," అన్నాడు. "మా కంటిన్యుటీ అడుగుతోంది."

నాగసాయి వంగి తన బ్యాగు అందుకుని, భుజానికి తగిలించుకుని వెనక్కి తిరిగాడు. జంగయ్య గొణుక్కుంటూ ఇంజను వేశాడు. బస్సుని వాలులోకి నాలుగడుగులు పోనిచ్చి, బ్రేకు తొక్కాడు. బస్సు ఆగింది. హిమజ చక్రాల వంక ఒకసారి చూసి, ఆ నాలుగడుగులూ నడిచి వెళ్ళి ఎక్కింది.